గండిపేట నీళ్ళూ, లా చదివే పిల్లలూ

మొన్న ఉగాది సంబరాల్లో, భోజనాల లైన్లో నిలబడి ఉండగా ఒక సంభాషణ చెవిన పడింది. మా మిత్రుడొకాయన తన రెండో కూతురు లా స్కూల్లో చేరిందని, పర్యావరణ చట్టాల మీద పని చేస్తోందని చెబుతున్నాడు. అవతలాయన పులిహోర వడ్డించుకుంటూ, "అయ్యో, మెడిసిన్‌కి ట్రై చెయ్యలేదా?" అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్ళం నవ్వాం. నేనూ నవ్వాను. అమ్మాయి పక్కనే ఉందని తర్వాత చూసుకున్నాను.

ఆ నవ్వు కప్పిపుచ్చుకోవడానికి ఆమె టేబుల్ దగ్గరికి వెళ్ళి కూర్చున్నాను. "అసలు నువ్వు చేసే పనేమిటమ్మా?" అని అడిగాను.

"ఫుట్‌నోట్లు చూస్తాను అంకుల్" అంది.

వాళ్ళ కాలేజీలో పర్యావరణ చట్టాల మీద ఒక పత్రిక వస్తుందట. దాన్ని నడిపేది విద్యార్థులే. ఏ వ్యాసం వెయ్యాలో వాళ్ళే ఎంచుతారు. రచయిత రాసిన ప్రతి వాక్యానికీ ఆధారం ఉందో లేదో మూల గ్రంథం తీసి సరిచూస్తారు. అది పనికిమాలిన గుమాస్తా పని కాదా అని నాకు లోపల అనిపించింది. అది నా మొహంలో కనిపించిందేమో, ఆ అమ్మాయి ఇలా అంది: "అంకుల్, మీది హైదరాబాద్ కదా? మీ గండిపేట నీళ్ళ కేసు మాకు సెమినార్లో చెప్పారు. ఆ తీర్పులో ఇలాంటి స్టూడెంట్ జర్నల్లో వచ్చిన వ్యాసం ఉంది."

నేను మెహదీపట్నంలో పెరిగినవాణ్ణి. గండిపేట నీళ్ళు తాగినవాళ్ళు హైదరాబాదు విడిచి వెళ్ళరని మా పెద్దవాళ్ళు అనేవారు. నేను తాగాను, అయినా వచ్చేశాను. కానీ ఆ నీళ్ళ కోసం సుప్రీంకోర్టులో అంత పెద్ద కేసు నడిచిందని, అందులో అమెరికా విద్యార్థుల పత్రిక ఒకటి ఉందని నాకు తెలియదు. ఇంటికొచ్చాక ఆ అమ్మాయి తీర్పు పంపింది. రెండు రాత్రులు కూర్చుని చదివాను. నేను లాయర్ని కాను, సాఫ్ట్‌వేర్ మనిషిని. నాకు అర్థమైనంతలో మీతో పంచుకుంటాను.

ఒక నూనె ఫ్యాక్టరీ, రెండు చెరువులు

1908లో మూసీకి వరదొచ్చి హైదరాబాదు కొట్టుకుపోయాక కట్టినవే ఈ రెండు జలాశయాలు. గండిపేట అని మనం పిలుచుకునే ఉస్మాన్‌సాగర్ 1920లో, హిమాయత్‌సాగర్ 1927లో పూర్తయ్యాయి. వరద ఆపడం, నగరానికి తాగునీళ్ళివ్వడం వాటి పని. చుట్టూ పది కిలోమీటర్ల మేర కాలుష్యం కలిగించే పరిశ్రమలు, పెద్ద నిర్మాణాలు రాకూడదని 1996లో అప్పటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 111 నంబరు జీవో ఇచ్చింది. 84 గ్రామాలు, సుమారు 1.32 లక్షల ఎకరాలు దాని కిందికి వచ్చాయి.

ఆ పరిధిలోనే, శంషాబాద్ మండలంలో, ఆముదం నూనె నుంచి రసాయనాలు తీసే ఫ్యాక్టరీ పెడతామని ఒక కంపెనీ వచ్చింది. కాలుష్య నియంత్రణ మండలి ఒప్పుకోలేదు. కంపెనీ అప్పీలుకు వెళ్ళింది. తమ టెక్నాలజీ చాలా శుభ్రమైనదని ఒక నిపుణుడి చేత చెప్పించింది. అప్పీలు అధికారి సరేనన్నారు. హైకోర్టు కూడా అనుమతి ఇమ్మంది. పైగా జీవో ఇచ్చిన ప్రభుత్వమే ఆ కంపెనీకి మినహాయింపు కూడా ఇచ్చింది. నగరంలోని పర్యావరణవాదులు, కాలుష్య మండలి సుప్రీంకోర్టు తలుపు తట్టారు.

ఇక్కడ చిక్కేమిటంటే, ఫ్యాక్టరీ ఇంకా నడవడం లేదు. చెరువు ఇంకా చెడలేదు. చెడుతుందని ఒక నిపుణుడు, చెడదని ఇంకొక నిపుణుడు. జడ్జీలు కెమిస్ట్రీ చదువుకోలేదు. ఎవరు నిరూపించాలి? చెరువు పాడవుతుందని జనం నిరూపించాలా, పాడవదని కంపెనీ నిరూపించాలా?

1999 జనవరి 27న జస్టిస్ ఎస్.బి. మజ్ముదార్, జస్టిస్ ఎం. జగన్నాథరావు బెంచి ఇచ్చిన తీర్పులో జస్టిస్ జగన్నాథరావు గారు ఈ ప్రశ్ననే పట్టుకున్నారు. ఆయన మన తెలుగువారే. ఉన్న పరిస్థితిని కాపాడాలనుకునేవారి మీద కాక, దాన్ని మార్చాలనుకునేవారి మీదే నిరూపించే భారం ఉండాలని ఆ తీర్పు చెప్పింది. సైన్సు ఖచ్చితంగా తేల్చలేనప్పుడు జాగ్రత్త వైపే మొగ్గాలన్న "ముందుజాగ్రత్త సూత్రం" అది. ఆ విషయం వివరించడానికి ఆయన ఆధారంగా చూపినవాటిలో ఒకటి 1998లో హార్వర్డ్ ఎన్విరాన్‌మెంటల్ లా రివ్యూలో, ఆస్ట్రేలియాలో ఈ సూత్రం ఎలా అమలవుతోందన్న విషయం మీద వచ్చిన వ్యాసం. అది విద్యార్థులు నడిపే పత్రిక.

ఒక్కసారి ఆ ప్రయాణం ఊహించండి. ఆస్ట్రేలియా గురించిన వ్యాసం. మసాచుసెట్స్‌లో ఎవరో ఇరవై నాలుగేళ్ళ కుర్రాడో అమ్మాయో లైబ్రరీలో కూర్చుని దాని ఫుట్‌నోట్లు సరిచూసి ఉంటారు. ఆ పుటల మీద మెహదీపట్నం కుళాయి ఆధారపడుతుందని వాళ్ళ కలలోకి కూడా వచ్చి ఉండదు. ఏడాది తిరక్కుండా అది ఢిల్లీ చేరింది. జంట నగరాల్లో 50 లక్షల మంది తాగే నీళ్ళ పక్షాన నిలబడింది. శాస్త్రీయమైన అంశాలు తేల్చే పని కోర్టు మరో సంస్థకు అప్పగించి, చివరికి 2000 డిసెంబరులో తుది తీర్పిచ్చింది. ఫ్యాక్టరీకి అనుమతి లేదు, ప్రభుత్వం ఇచ్చిన మినహాయింపు చెల్లదు అని చెప్పింది.

వ్యాసం ఒక్కటే గండిపేటను కాపాడిందని నేననను. కేసు వేసినవాళ్ళు ఉన్నారు, వాదించినవాళ్ళు ఉన్నారు, నీళ్ళ మీద నివేదికలిచ్చిన శాస్త్రవేత్తలు ఉన్నారు. కానీ జడ్జి గారికి ఒక మాట అవసరమైన రోజున, ఆ మాట ఎవరో ముందే రాసి, ఎవరో సరిచూసి, అచ్చువేసి ఉంచారు. చదువు చేసే సాయం అంటే అదే.

కథ అక్కడితో ఆగలేదు. ఇలాంటి కేసులు తేల్చడానికి జడ్జీలతో పాటు శాస్త్రవేత్తలు కూడా కూర్చునే ప్రత్యేక కోర్టులుండాలని అదే తీర్పులో రాశారు. తర్వాత జస్టిస్ జగన్నాథరావు గారే లా కమిషన్ అధ్యక్షులై, 2003లో 186వ నివేదికలో పర్యావరణ కోర్టులను ప్రతిపాదించారు. 2010లో నేషనల్ గ్రీన్ ట్రిబ్యునల్ చట్టం వచ్చింది.

ఇది ఒక్క కేసు కాదు

ఇలాంటివి ఇంకా ఉన్నాయా అని ఆ అమ్మాయిని అడిగాను. ఒకటి చెప్పింది. 1970లో జోసెఫ్ శాక్స్ అనే ప్రొఫెసర్ మిషిగన్ లా రివ్యూలో ఒక పెద్ద వ్యాసం రాశారు. నదులు, తీరాలు, అడవులు ప్రభుత్వం సొత్తు కావు, ప్రజల తరఫున ప్రభుత్వం కేవలం ధర్మకర్త అన్నది దాని సారాంశం. మన గుడి మాన్యాలకు ధర్మకర్త ఉన్నట్టే అనుకోండి. ధర్మకర్త మాన్యం చూసుకోవాలి గానీ అమ్ముకోకూడదు. 1996 డిసెంబరులో, హిమాచల్ ప్రదేశ్‌లో బియాస్ నది ఒడ్డున ఒక రిసార్టు కోసం నదిని మళ్ళించిన కేసులో మన సుప్రీంకోర్టు ఈ సిద్ధాంతాన్ని భారతదేశ చట్టంలో భాగమని ప్రకటించింది. శాక్స్ వ్యాసాన్ని పేరు పెట్టి ప్రస్తావించింది. మిషిగన్ లా రివ్యూ కూడా విద్యార్థులు నడిపేదే.

ఈ మధ్య కాలంలో ఇంతకన్నా ఆశ్చర్యమైనది వనువాటు దేశంలో జరిగింది. పసిఫిక్ మహాసముద్రంలోని చిన్న ద్వీప దేశమది. 2019లో అక్కడి యూనివర్సిటీ ఆఫ్ ది సౌత్ పసిఫిక్ క్యాంపస్‌లో 27 మంది లా విద్యార్థులు, క్లాసులో మొదలైన ఆలోచనతో ఒక ప్రచారం ప్రారంభించారు. వాతావరణ మార్పు విషయంలో దేశాల బాధ్యత ఏమిటో అంతర్జాతీయ న్యాయస్థానాన్నే అడుగుదాం అన్నారు. పసిఫిక్ దేశాల నాయకులకు ఉత్తరాలు రాశారు. వనువాటు ప్రభుత్వం దాన్ని భుజాన వేసుకుంది. 2023 మార్చి 29న ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సభ ఏకాభిప్రాయంతో ఆ ప్రశ్నను హేగ్‌కి పంపింది. 2025 జూలై 23న న్యాయస్థానం ఏకగ్రీవంగా చెప్పింది: వాతావరణాన్ని కాపాడటం దేశాల చట్టబద్ధమైన బాధ్యత, దాన్ని ఉల్లంఘిస్తే నష్టపరిహారం దాకా పర్యవసానాలుండవచ్చు అని.

అది సలహాపూర్వకమైన అభిప్రాయమే, ఏ దేశాన్నీ జైల్లో పెట్టదు. అయినా రేపు ఏ దేశపు జడ్జి ముందుకు ఇలాంటి కేసు వచ్చినా, చూపించడానికి ఒక పుట ఉంది. గండిపేట కేసులో జరిగింది ఇదే.

చదువు కాటేస్తే ఊరుకోరు

ఇదంతా విని పిల్లలు ప్రాజెక్టులు చేస్తే చాలు, ప్రపంచం మారిపోతుందనుకుంటే పొరపాటు. అమెరికాలో లా స్కూళ్ళకు "క్లినిక్"లుంటాయి. ప్రొఫెసర్ల పర్యవేక్షణలో విద్యార్థులే పేదల తరఫున నిజమైన కేసులు చూస్తారు. 1990ల చివర్లో లూసియానాలోని కాన్వెంట్ అనే చిన్న ఊళ్ళో, ఎక్కువగా నల్లజాతివారుండే చోట, ఒక పీవీసీ ఫ్యాక్టరీ రాబోయింది. టులేన్ యూనివర్సిటీ క్లినిక్ విద్యార్థులు ఆ ఊరివాళ్ళ తరఫున నిలబడ్డారు. కంపెనీ 1998లో అక్కడ కట్టే ఆలోచన మానుకుంది. కానీ అదే ఏడాది ఆ రాష్ట్ర సుప్రీంకోర్టు, క్లినిక్‌లు ఎవరి కేసులు తీసుకోవచ్చో నిబంధనలు బిగించేసింది. రాష్ట్ర గవర్నరు యూనివర్సిటీ మీదే విరుచుకుపడ్డారు.

విద్యార్థుల ప్రాజెక్టు అలమారాలో ఉన్నంతకాలం అందరూ మెచ్చుకుంటారు. అది ఎవరి లాభానికైనా అడ్డొచ్చిన రోజున అసలు పరీక్ష మొదలవుతుంది. పిల్లల వెనక పెద్దవాళ్ళు, సంస్థలు నిలబడతారా లేదా అన్నదే అప్పుడు తేలేది.

మన దగ్గర ప్రాజెక్టులు

మరి మన ఊళ్ళలో సంగతేమిటి? పర్యావరణాన్ని చదువులో భాగం చెయ్యమని సుప్రీంకోర్టు 1991లోనే ఎం.సి. మెహతా కేసులో ఆదేశించింది. ఇవాళ డిగ్రీ చదివే ప్రతి పిల్లవాడికీ ఆ సబ్జెక్టు ఉంది, క్షేత్ర పర్యటన, ప్రాజెక్టు రిపోర్టు కూడా ఉన్నాయి.

కొన్నేళ్ళ క్రితం నేను ఇండియా వెళ్ళినప్పుడు మా మేనల్లుడి ప్రాజెక్టు చూశాను. మంచి అట్ట, బంగారు రంగు అక్షరాలు, "మన ఊరి చెరువు - కాలుష్యం" అని పేరు. "ఏ చెరువురా?" అని అడిగాను. "ఏమో మామయ్యా, కాలేజీ ఎదుట జిరాక్స్ షాపులో ఇస్తారు, పేరు మార్చి బైండింగ్ చేయించుకోవడమే" అన్నాడు. వాళ్ళ ఇంటికి అర కిలోమీటరులో నిజంగానే చెరువుంది. వాడు దాని గట్టు మీద నుంచే రోజూ కాలేజీకి వెళతాడు. నాకు కోపం వాడి మీద రాలేదు. ఆ రిపోర్టు ఎవరూ చదవరని వాడికి తెలుసు. చదివేవాళ్ళు లేని రాతను నిజాయితీగా రాయమని ఏ ముఖం పెట్టుకుని చెప్పగలం?

చదివేవాళ్ళుంటే ఏమవుతుందో హైదరాబాదులోనే చూశాం. 2025 మార్చి 30, సరిగ్గా ఉగాది రోజున, హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ పక్కనున్న కంచ గచ్చిబౌలి 400 ఎకరాల్లోకి బుల్‌డోజర్లు దిగాయి. ఆ భూమి తమదేనని, ఐటీ పార్కు కోసమని రాష్ట్ర ప్రభుత్వం చెప్పింది. విద్యార్థులు ఎదురు తిరిగారు, కొందరిని పోలీసులు తీసుకెళ్ళారు. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు తనంతట తానే జోక్యం చేసుకుని చెట్ల నరికివేత ఆపించింది. అప్పటికే సుమారు వంద ఎకరాలు చదునయ్యాయి.

అక్కడ పిల్లల అరుపులు మాత్రమే పని చేశాయని నేననుకోను. ఆ అడవిలో ఏ పక్షులున్నాయి, ఏ మొక్కలున్నాయి, జింకలెక్కడ తిరుగుతాయి అని ఆ విశ్వవిద్యాలయంలోని విద్యార్థులు, పక్షి ప్రేమికులు ఏళ్ళ తరబడి రాసుకున్న జాబితాలున్నాయి. "అక్కడేముంది, ఉత్త రాళ్ళూ పొదలూ" అన్న మాటకు అవే జవాబయ్యాయి. ఇక భూమి ఎవరిదన్న ప్రశ్న వేరు, అక్కడి చెట్లు కొట్టవచ్చా అన్న ప్రశ్న వేరు. కోర్టు పట్టుకున్నది రెండో ప్రశ్నను. కాగితాల మీద ఎవరి పేరున్నా, అడవిలా ఉన్నదాన్ని అడవిగానే చూడాలని సుప్రీంకోర్టు 1996లో గోదావర్మన్ కేసులోనే చెప్పింది కదా.

గెలిచిన కేసు కూడా కాపలా లేకపోతే...

మళ్ళీ గండిపేటకు వస్తాను. సుప్రీంకోర్టు రెండుసార్లు చెప్పిన తర్వాత ఇక భయం లేదనుకున్నాం. 2022 ఏప్రిల్‌లో తెలంగాణ ప్రభుత్వం 69 నంబరు జీవో తెచ్చి, 111 జీవోలోని ఆంక్షలను సడలించింది. నగరానికి ఇప్పుడు కృష్ణా, గోదావరి నీళ్ళొస్తున్నాయి, ఈ చెరువుల అవసరం తగ్గిందన్నది దాని వెనకనున్న వాదన. ఆ గ్రామాల రైతుల బాధ కూడా నాకు తెలుసు. పక్క ఊళ్ళో ఎకరం కోట్లు పలుకుతుంటే వీళ్ళు పాతికేళ్ళుగా అమ్ముకోలేక, కట్టుకోలేక కూర్చున్నారు. నగరం నీళ్ళు తాగింది, దాని ఖరీదు 84 గ్రామాలు కట్టాయి. ఆ అన్యాయాన్ని పక్కన పెట్టి ఉత్త పర్యావరణం కబుర్లు చెబితే అది పట్నంవాళ్ళ స్వార్థమే అవుతుంది.

కానీ ఆ రైతుకు నష్టపరిహారం ఎలా ఇవ్వాలి, అభివృద్ధి హక్కుల బదిలీ లాంటి ఏర్పాట్లు అక్కడ నడుస్తాయా, చెరువులోకి నీళ్ళు తెచ్చే వాగులు ఇవాళ ఎన్ని మిగిలాయి, కొత్త భవనాల మురుగు ఎటు పోతోంది? ఇవన్నీ ఒక లా విద్యార్థి, ఒక సివిల్ ఇంజనీరింగ్ విద్యార్థి కలిసి ఒక సెమిస్టరులో చెయ్యదగ్గ ప్రాజెక్టులు. హైదరాబాదులో నల్సార్, విశాఖపట్నంలో దామోదరం సంజీవయ్య లా యూనివర్సిటీ ఉన్నాయి. తెలివైన పిల్లలకు కొదవ లేదు. వాళ్ళు రాసింది చదివేవాళ్ళే తక్కువ.

మనం చెయ్యగలిగింది

మన సంఘాలు ఏటా స్కాలర్‌షిప్పులిస్తాయి. మంచిదే. కానీ నేను గమనించినంతలో అవి చాలావరకు ఇంజనీరింగ్‌కి, మెడిసిన్‌కి వెళతాయి. లా చదివే పిల్లలు మన కంటికి కనబడరు. ఇక డబ్బు పంపాలంటే, ఇక్కడి పౌరసత్వం తీసుకున్నవాళ్ళం అక్కడి సంస్థలకిచ్చే విరాళాలకు ఎఫ్‌సీఆర్ఏ చట్టం నియమాలుంటాయి, తెలుసుకుని చెయ్యాలి. అందుకే నేనంటాను, ముందు పని పంపుదాం.

ఉదాహరణకు, పెద్ద ఫ్యాక్టరీ గానీ గని గానీ వచ్చే ముందు ప్రజాభిప్రాయ సేకరణ జరగాలని 2006 నాటి ఈఐఏ నోటిఫికేషన్ చెబుతుంది. అసలు నివేదిక వందల పేజీలు ఇంగ్లీషులో ఉంటుంది. ఊరివాళ్ళకు తెలుగులో దక్కేది దాని సారాంశం మాత్రమే. భూమి పోయేవాడికి తన భూమి గురించి రాసింది చదివే వీలు లేదు. మనలో ఇంగ్లీషూ, తెలుగూ, టెక్నికల్ భాషా మూడూ వచ్చినవాళ్ళు వేలల్లో ఉన్నాం. ఒక్కొక్కరం నెలకు పది పేజీలు తెలుగు చేసినా ఒక ఊరికి సరిపోతుంది. ఉపగ్రహ చిత్రాలు చూడటం వచ్చినవాళ్ళున్నారు. నీళ్ళ పరీక్షలు తెలిసిన కెమిస్టులున్నారు. ఇక్కడి లా స్కూళ్ళలో మన పిల్లలున్నారు. వీళ్ళను అక్కడి విద్యార్థులతో కలపడానికి ఒక వాట్సాప్ గ్రూపూ, ఒక ఓపికగల మనిషీ చాలు.

అన్నిటికన్నా ముందు, వాళ్ళు రాసింది చదువుదాం. మా మేనల్లుడికి నేను చెప్పగలిగిన మంచి మాట "నిజాయితీగా రాయి" కాదు, "రాసి నాకు పంపు, నేను చదువుతాను" అన్నది. ఆలస్యంగానైనా వాడికి ఆ మాట చెప్పాను. ఇప్పుడు వాడికి ఉద్యోగం వచ్చింది, ప్రాజెక్టుల రోజులు పోయాయి. వాడి చెల్లెలు ఈ ఏడు డిగ్రీలో చేరింది. ఇంటి పక్క చెరువు ఫోటోలు నాలుగు పంపింది. గుర్రపుడెక్క తూము దాకా పాకింది. "దీని మీద రాస్తాను మామయ్యా, కానీ ఎక్కడ మొదలుపెట్టాలి?" అని అడిగింది.

ఆ ప్రశ్నను ఉగాది రోజు అమ్మాయికి పంపించాను. ముందు రెవెన్యూ రికార్డులో ఆ చెరువు విస్తీర్ణం ఎంతో చూడమని, ఇప్పుడు ఎంత ఉందో కొలిచి పక్కన రాయమని, ప్రతి అంకెకూ ఆధారం కింద పెట్టమని జవాబిచ్చింది. చివర ఒక వాక్యం చేర్చింది: "ఫుట్‌నోట్లు నేను చూస్తాను అంకుల్."

ఈసారి నాకు నవ్వు రాలేదు.